సీసాతో చెప్పగల గణితానికి గదికి తాళమెందుకు?

సంపాదకుల వారికి,

అయ్యా,

ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోని డిజిటల్ తెరల గురించి పది రోజుల కిందట మీ జిల్లా సంచికలో వచ్చిన వార్త చదివినప్పటి నుంచి మనసు ఊరుకోక ఈ లేఖ రాస్తున్నాను. ఓరుగల్లు చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. నేను చివరగా పనిచేసిన బడికీ అలాంటి తెర ఒకటి వచ్చింది. ప్రారంభం నాడు కొబ్బరికాయ కొట్టి ఫొటోలు దిగారు. పాడైతే ఎవరు కట్టాలన్న భయంతో ఆ మరునాడే గదికి తాళం పడింది. తాళంచెవి అడిగిన ప్రతిసారీ "పైనుంచి కాగితం రానీయండి సార్" అనేవారు.

పదో తరగతి గణిత పుస్తకం చివర అనుబంధంగా గణిత నమూనాల పాఠం ఉంది. నిత్యజీవితంలోని సమస్యను సమీకరణంగా రాసి, వచ్చిన జవాబును మళ్లీ వాస్తవంతో సరిచూడటం అందులోని విషయం. దానికి మేము వాడినవి పైభాగం కోసేసిన రెండు లీటర్ల సీసా, కాల్చిన మేకు, అతికించిన కాగితపు స్కేలు, ఒక పిల్లవాడు ఇంటినుంచి తెచ్చిన పాత ఫోను. అడుగున రంధ్రం చేసి, నీళ్లు కారుతుండగా వీడియో తీసి, పది సెకన్లకోసారి మట్టం ఎంతుందో రాసుకున్నాం. మొదటి నిమిషంలో సగం దిగింది కనుక రెండో నిమిషానికి సీసా ఖాళీ అవుతుందని తరగతి అంతా ఒక్క గొంతుతో చెప్పింది. మూడు నిమిషాలు దాటినా ధార సన్నగా కారుతూనే ఉంది. ఆ బిందువులను ఫోనులోని జియోజెబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో పెడితే సరళరేఖకు బదులు పరావలయమనే వంపు రేఖ వచ్చింది. మట్టం తగ్గేకొద్దీ ధార వేగం తగ్గుతుందన్న టోరిసెల్లి సూత్రం అక్కడ కంటికి కనబడింది. బట్టీపట్టి పరీక్షలో రాసిన వర్గ బహుపది (x² ఉండే సమాసం) గీత ఇదేనని పిల్లలు గుర్తుపట్టడానికి మరో పావుగంట పట్టింది.

ఆ జియోజెబ్రా 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో ఒక విద్యార్థి మొదలుపెట్టింది. బడులకు ఉచితం. ఒకసారి ఫోనులోకి దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

ఇలాంటి నమూనాకు మరో ఉదాహరణ వాన లెక్క. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మి.మీ. వాన కురిసింది. ఎకరం నేల మీద అది సుమారు 26 లక్షల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఐదు వందలకు పైమాటే. అందులో నేల తాగేదెంత, చెరువుకు చేరేదెంత అన్నది స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క అంకె మార్చి మార్చి చూడవచ్చు. అదే వానకు భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి ఊరు మునగడం చూసిన ప్రాంతపు పిల్లలకు ఇంతకంటే దగ్గరి లెక్క ఏముంటుంది?

తనిఖీకి వచ్చే అధికారులు ఉత్తీర్ణత శాతం తప్ప మరొకటి అడిగిన రోజు నా ఉద్యోగ జీవితంలో లేదు. అనుబంధం నుంచి ప్రశ్న రాదని ఆ పుటలు తెరవకుండానే ఏడాది ముగిసేది. శిక్షణ పేరిట ఒక పూట ఉపన్యాసం, హాజరు పట్టీలో సంతకం, టీ. ఎన్నికల విధులకూ సర్వేలకూ పంపడానికి గుర్తొచ్చే ఉపాధ్యాయుడు కొత్త పద్ధతి నేర్పవలసి వచ్చినప్పుడు ఎవరికీ గుర్తుకు రాడు.

మరో విడత తెరలు కొనే ముందు చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక రోజంతా గణిత ఉపాధ్యాయుల చేత ఇలాంటి ప్రయోగాలు చేయించండి, ప్రాజెక్టు పని మార్కుల్లో వీటికి చోటివ్వండి. ఉన్న తెరలు వాడకంలో పాడైతే ఉపాధ్యాయుడి జీతంలో కోత ఉండదని విద్యాశాఖ లిఖితపూర్వకంగా చెప్పాలి. ఇన్నేళ్లుగా బడులు ఎదురుచూస్తున్నది ఆ కాగితం కోసమే.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
హనుమకొండ