ఐడీ కార్డుల ఆర్డర్లలో మార్పు: రేటు అదే, పని తొందరగా

మా దగ్గర ఐడీ కార్డులు చేయించుకునే కంపెనీల హెచ్‌ఆర్ వాళ్లందరికీ నమస్తే.

ఒక్కో కార్డునూ కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేత్తో పెట్టడం మానేశాం. మా అబ్బాయి ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. బటన్లూ మెనూలూ ఏమీ ఉండవు. నల్ల స్క్రీన్ మీద ఒక లైను కొడితే మీ షీటు చదివి, ఉద్యోగి నంబరుతో ఉన్న ఫొటో వెతికి, కార్డులు వరసగా ప్రింటర్‌కి పంపేస్తుంది.

అంత సులువైతే రేటు తగ్గించొచ్చుగా అని అప్పుడే అడుగుతున్నారు. తగ్గదండీ. ఖర్చంతా పీవీసీ ప్లాస్టిక్ కార్డుదీ, ప్రింటర్‌లో రంగులుండే రిబ్బన్‌దీ. రిబ్బన్ మీద పసుపు, మెజెంటా, సియాన్, నలుపు, ఓవర్‌లే (రంగు చెరగకుండా పైన వేసే పారదర్శక పొర) కలిపి ఒక సెట్టు. కార్డు మీద చిటికెడు రంగు పడినా ఆ సెట్టు అయిపోయినట్టే. పేరులో అక్షరం తప్పినా అంతే, కార్డుతో పాటు చెత్తబుట్టలోకి. అందుకే ముందు ప్రూఫ్ పీడీఎఫ్ పంపుతాం, మీరు ఓకే అన్నాకే ప్రింటింగ్.

అసలు తలనొప్పి నంబర్లతో. 00417 అని కొడితే ఎక్సెల్ దాన్ని 417 చేసేస్తుంది. ఫొటో ఫైలు పేరేమో 00417. రెండూ కలవవు. మా ప్రోగ్రాం ఊహించి ఎవరి ఫొటోనో తగిలించదు, ఆ వరస దగ్గర ఆగి మాకు చెబుతుంది. కాబట్టి నంబర్లు కొట్టకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చండి. సీఎస్‌వీ (ఉత్త టెక్స్ట్ ఫైలు) చేసి పంపకండి, ఎక్సెల్ ఫైలే ఇవ్వండి. సరిగ్గా సేవ్ కాకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. ఫొటోలు వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే క్వాలిటీ పోతుంది. పెళ్లి గ్రూపు ఫొటోలోంచి తల కత్తిరించే పని మాత్రం మా ప్రోగ్రాంకి రాదు, మాకూ ఓపిక లేదు!

ఇంకో సంగతి. వాడేసిన రిబ్బన్‌ను వెలుతురుకి పట్టి చూస్తే మీ ఉద్యోగుల పేర్లు చదవొచ్చు. దాన్ని అలాగే పారేయం, ముక్కలు చేస్తాం. డెలివరీ అయ్యాక మీ షీటూ ఫొటోలూ కూడా తీసేస్తాం. ఎవరి కార్డైనా పోతే వాళ్ల వివరాలు మళ్లీ పంపాలి. విసుగే, తెలుసు. కానీ వందల మంది ఫొటోలు షాపు కంప్యూటర్‌లో పెట్టుకుని టెన్షన్ పడలేం. కొత్తగా చేరినవాళ్లవి ఒకటి రెండు కార్డులైనా పంపండి, ఇప్పుడు అదే రోజు ఇవ్వగలం.