లీనియర్ ఆల్జీబ్రా గట్టెక్కించిన వాళ్ళందరికీ కృతజ్ఞతలు

నిన్నటితో మా ఐదో సెమిస్టర్ లీనియర్ ఆల్జీబ్రా పేపర్ అయిపోయింది. మార్కులు చూశాక థ్యాంక్స్ చెబితే అది మార్కులకు చెప్పినట్టుంటుంది. అందుకే రిజల్ట్ కోసం ఆగకుండా ఇప్పుడే రాస్తున్నా.

ముందు సార్‌కి. పేరు రాయొద్దని గట్టిగా చెప్పారు. హనుమకొండలో మా రూమ్ ఉన్న గల్లీలోనే ఉంటారు, డిగ్రీ కాలేజీలో మ్యాథ్స్ చెప్పి రిటైర్ అయ్యారు. మేం ఫ్రెండ్సందరం కలిసి వెళ్ళి అడిగితే ఫీజు మాటే ఎత్తలేదు. "సాయంత్రం రాండ్రి, చాక్‌పీసులు మాత్రం మీరే తెచ్చుకోండ్రి" అన్నారు, అంతే.

డెఫినిషన్లతో మొదలుపెడతారేమో అనుకున్నాం. సార్ బోర్డు మీద ఒక చిన్న మ్యాట్రిక్స్ (వరసలు, కాలమ్స్‌గా పేర్చిన అంకెల పట్టిక) వేశారు. మొదటి వరస 1, 2, 3. రెండోది 2, 4, 7. మూడోది 3, 6, 10. రెండో వరసలోంచి మొదటిదానికి రెండింతలు, మూడో వరసలోంచి మూడింతలు తీసేయమన్నారు. రెండు చోట్లా 0, 0, 1 మిగిలింది. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే చివరి వరస మొత్తం సున్నాలే. పివట్లు, అంటే మిగిలిన ఒక్కో వరసలో మొదట వచ్చే సున్నా కాని అంకెలు, రెండు. పివట్లు ఎన్నో ర్యాంక్ అంత, కాబట్టి ర్యాంక్ 2. మ్యాట్రిక్స్‌తో గుణిస్తే సున్నా అయిపోయే వెక్టర్లన్నీ కలిపి నల్ స్పేస్. దాని బేసిస్‌లో, అంటే మిగతావన్నీ పుట్టించడానికి సరిపోయే వెక్టర్లలో, (-2, 1, 0) ఒక్కటే ఉంది, కాబట్టి నల్లిటీ 1. రెండూ కలిపితే 3, అంటే కాలమ్స్ ఎన్నో అన్ని. అప్పటిదాకా బట్టీ పట్టిన ర్యాంక్-నల్లిటీ థియరం అదేనా అని ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

కాలమ్ స్పేస్ (కాలమ్స్‌ని అంకెలతో గుణించి కూడితే వచ్చే వెక్టర్లన్నీ) దగ్గర మాత్రం సార్ కదలనివ్వలేదు. పివట్లు ఒకటో కాలమ్‌లో, మూడో కాలమ్‌లో ఉన్నాయి. కానీ బేసిస్ రాసేటప్పుడు రిడ్యూస్ చేసిన మ్యాట్రిక్స్‌లోవి కాదు, మొదటి మ్యాట్రిక్స్‌లోని కాలమ్సే రాయాలి: (1, 2, 3), (3, 7, 10). వరసల్లోంచి వరసలు తీసేసే ఈ రో ఆపరేషన్లు చేస్తే రో స్పేస్ (వరసలతో అలాగే వచ్చేది) మారదు, కాలమ్ స్పేస్ మారిపోవచ్చు. "నేను పేపర్లు దిద్దినన్ని రోజులు పిల్లల మార్కులు పోయింది ఈడనే" అని ఎన్నిసార్లు అన్నారో.

ఐగెన్ వాల్యూస్ (మ్యాట్రిక్స్‌తో గుణించినా అదే గీత మీద ఉండే వెక్టర్ ఎన్ని రెట్లవుతుందో చెప్పే సంఖ్యలు) చెప్పింది కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేస్తున్న మా సీనియర్ అక్క. తన పరీక్షలు కూడా దగ్గర్లోనే ఉన్నా ఫోన్ ఎత్తకుండా ఉన్న రోజు లేదు. 4, 1 ఒక వరస, 2, 3 ఇంకో వరస అనుకోండి. వికర్ణం మీదివి (4, 3) కూడితే 7, డిటర్మినెంట్ (4×3 లోంచి 1×2 తీసేస్తే) 10. ఐగెన్ వాల్యూస్ కూడితే 7, గుణిస్తే 10 రావాలి కాబట్టి 5, 2. లెక్క పూర్తిగా చేసినా చివర్లో ఇలా సరిచూసుకోమంది. పరీక్ష హాల్లో ఆ ఒక్క అలవాటుతో సగం టెన్షన్ పోయింది. వెక్టర్లని ఒకదానికొకటి లంబంగా మార్చే గ్రామ్-ష్మిట్ పద్ధతి కూడా ఓపిగ్గానే చెప్పింది గానీ, ఆ భిన్నాలంటే నాకు ఇప్పటికీ చిరాకే అక్కా, ఏమనుకోకు.

పొద్దున్నే మంచిర్యాల నుంచి కాజీపేటలో రైలు దిగి, టిఫిన్ కూడా చేయకుండా మాతో కూర్చున్న ఫ్రెండ్‌కి, అందరికీ సర్వపిండి చేసిపెట్టిన ఓనర్ ఆంటీకి, పాత పేపర్లు అప్పు మీద తీసిచ్చిన జిరాక్స్ అన్నకి కూడా థ్యాంక్స్. అన్నా, బాకీ రేపు ఇచ్చేస్తా.

మా అమ్మ ఈ పోస్ట్ చదవదు. పత్తి ఏరడానికి కూలీలు దొరకని రోజులవి. నేను ఇంటి దగ్గరుంటే రోజూ ఒక మనిషి కూలీ మిగిలేది. అయినా ఒక్కసారి కూడా రమ్మనలేదు. ఫోన్ చేస్తే "తిన్నవా, చదువుకుంటున్నవా" అనేది తప్ప చేను మాట ఎత్తలేదు. ఈసారి ఇంటికెళ్ళాక మిగిలిన చేను నేనే ఏరుతా.

జూనియర్స్‌కి ఒక మాట. సార్ చేయించిన లెక్కలన్నీ నీట్‌గా రాసి పెట్టాం. కావాల్సినవాళ్ళు మెసేజ్ పెట్టండి, ఫోటోలు పంపిస్తా. సార్ దగ్గరికి వెళ్ళేవాళ్ళు చాక్‌పీసులు మరిచిపోకండి.