మాత్రలతో పాటు వంట కూడా నేర్పించండి

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పరకాల దగ్గరి పల్లె మాది. బీపీ, షుగర్ మాత్రలు లేని ఇల్లు మా ఊళ్లో వెతికితే గానీ కనబడదు. ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు గడప దాకా వచ్చి పరీక్షలు చేస్తున్నారు, మందులు ఉచితంగా అందుతున్నాయి. అందుకు మనసారా కృతజ్ఞతలు. నా విన్నపం కంచం గురించి.

మా అత్తమ్మకు షుగర్ బయటపడినప్పుడు చెప్పిన పథ్యం ఒక్కటే మాట, అన్నం తగ్గించమని. తగ్గించిన చోట ఏం తినాలో ఎవరూ చెప్పలేదు. చేతికిచ్చిన కాగితం మీద ఆపిల్, ఓట్స్ బొమ్మలున్నాయి. ఆమె కంచంలో ఉండేది గుట్టగా తెల్లన్నం, పల్చటి చారు, మామిడికాయ తొక్కు. రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటవద్దంటారు. తొక్కుతోనే ముద్ద దిగే ఇంట్లో ఆ హద్దు ఎలా నిలుస్తుంది?

దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో తేల్చింది. మనం తినే తిండిలో 62 శాతం శక్తి పిండిపదార్థాల నుంచే వస్తోందని, అందులో కొంత తగ్గించి పప్పుల నుంచో పాల నుంచో మాంసకృత్తులు తీసుకుంటే షుగర్ ముప్పు తగ్గుతుందని అదే అధ్యయన బృందం 2025లో చెప్పింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములని రాసింది. రేషన్‌లో మనిషికి నెలకు 6 కిలోల సన్న బియ్యం, అంటే రోజుకు 200 గ్రాములు వస్తున్నాయి. పేదింటికి అది పెద్ద ఆసరా, ఆపమని నేను అనను. కానీ ఆ 85 గ్రాముల పప్పు కొనుక్కోవాల్సిందే. పౌర సరఫరాల శాఖతో మాట్లాడి కందిపప్పో పెసరపప్పో ఇప్పించండి.

మనకు ఓట్స్ అక్కర్లేదు. జొన్న గట్క, బెబ్బర్లు, ఉలవలు, అనుములు, పుంటికూర ఇక్కడివే. వాటిలోని పీచు వల్ల చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది, కడుపు కూడా నిండుతుంది. ఇప్పుడు అత్తమ్మ సగం అన్నం తగ్గించి, ఆ చోట గిన్నెడు బెబ్బర్ల కూర, గంగవాయిలి కూర పప్పు తింటోంది. తొక్కు నాలుకకు రాసుకునేంతే. గంగవాయిలి ఒకప్పుడు చేలల్లో ఊరికే దొరికేది. ఇప్పుడు పత్తి చేలకు కలుపు మందు కొడుతున్నారు గనుక అక్కడ కోయడానికి భయమేసి, పెరట్లో మళ్లు వేసుకున్నాం.

ఎవరినీ మాంసం మానమని చెప్పించవద్దు. దసరాకు, మేడారం జాతరకు కోడి కోయని ఇల్లు మా దగ్గర అరుదు. ఇది కులానికో మతానికో ముడిపెట్టే సంగతి కానే కాదు. తెల్లన్నం, పూరీలు, మిఠాయిలతో బతికే శాకాహారికీ షుగర్ వస్తుంది. రోజువారీ కంచంలో పప్పు గింజలు, కూరలు పెరగాలన్నదే నా మాట.

ఇన్సులిన్ వాడేవాళ్లు ఒక్కసారిగా అన్నం మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు పప్పులు, ఆకుకూరలు డాక్టరు చెప్పిన కొలతలోనే తినాలి. పాలు, గుడ్లు కూడా మానేసినవాళ్లకు బీ12 విటమిన్ మాత్ర కావాలి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లలోనూ ఆ లోపం వస్తుంది. ఇవేవీ చెప్పకుండా షుగర్ మాయమవుతుందని ఊరించే వీడియోలు చూసి మాత్రలు ఆపేస్తున్నవాళ్లు ఉన్నారు. అందుకే ఈ పాఠం మీ శాఖ నుంచే రావాలి.

నెలకోసారి మందులిచ్చే రోజు పల్లె దవాఖాన ముందే ఒక గంట వంట చేసి చూపించే ఏర్పాటు చేయండి. కాకతీయ వైద్య కళాశాల విద్యార్థులను పంపితే వాళ్లూ మా తిండి నేర్చుకుంటారు. కరపత్రంలో మా కూరల పేర్లు, మా గిన్నెల కొలతలు ఉండాలి. పొయ్యి, పాత్రలు, సరుకులు మా మహిళా సంఘాలు తెస్తాయి. ఎవరి మాత్రకు ఎంత అన్నం సరిపోతుందో చెప్పగల పోషకాహార నిపుణురాలిని మాత్రం మీరు పంపాలి. ఆకుకూరలు దండిగా దొరికే వానాకాలంలోనే మొదలుపెట్టించండి.

ఇట్లు,
పరకాల ప్రాంత మహిళా సంఘం సభ్యురాలు