ఈఎస్ఎల్ పిల్లల టెక్నాలజీ సాయ నిధి: 2024–25 జమా ఖర్చుల వివరణ

విరాళాలు ఇచ్చిన కుటుంబాలకు, సాయంత్రాలు మా కోసం వదులుకున్న వాలంటీర్లకు నమస్కారం. 2024 జులై 1 నుంచి 2025 జూన్ 30 దాకా నిధికి వచ్చిన డబ్బు, నిధి నుంచి పోయిన డబ్బు లెక్క ఇది. ఈఎస్ఎల్ అంటే ఇంగ్లిష్‌ను రెండో భాషగా నేర్చుకోవడం. అమెరికాలో అలా నేర్చుకుంటున్న బడిపిల్లల కోసం ఈ నిధి. ఈసారి ఖర్చు పెట్టినవాటి కంటే పెట్టనివాటి మీదే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. అందుకే అంకెలతో పాటు కారణాలు కూడా రాస్తున్నాం.

ముందు జమ. పోయిన ఏడాది నిల్వ 1,140 డాలర్లు. కుటుంబాల విరాళాలు 9,685. మ్యాచింగ్ కింద, అంటే ఉద్యోగి ఇచ్చిన విరాళానికి తోడుగా కంపెనీ ఇచ్చే డబ్బు కింద వచ్చినది 3,200. సంక్రాంతి కార్యక్రమం టికెట్ల మీద 2,475. బ్యాంకు వడ్డీ 12 (నవ్వకండి, అదీ జమే). మొత్తం 16,512 డాలర్లు. మ్యాచింగ్‌లో ఇంకో 850 రావాలి. చేతికి అందలేదు కాబట్టి కలపలేదు. పాత ల్యాప్‌టాప్‌లు ఇచ్చినవారిలో కొందరు వాటికి ఓ ధర వేసి రసీదులో రాయమన్నారు. వస్తువు ఏమిటో, ఎప్పుడు ఇచ్చారో మాత్రమే రాసి ఇచ్చాం. విలువ కట్టుకోవాల్సింది ఇచ్చినవారే, తీసుకున్న సంస్థ కాదు. ఒకేసారి 250 డాలర్లు గానీ అంతకు మించి గానీ ఇచ్చినవారికి రాతపూర్వక రసీదులు పంపాం. పన్ను లెక్కలో చూపాలంటే అవి ఉండాల్సిందే. సంక్రాంతి టికెట్ మొత్తం విరాళం కిందికి రాదు. భోజనం, కార్యక్రమం విలువ పోగా మిగిలినదే వస్తుంది. ఆ లెక్క టికెట్ వెనకే ఉంది.

ఖర్చులో పెద్ద పద్దు ట్యూటర్లది: గంటకు 18 డాలర్ల చొప్పున 240 గంటలకు 4,320. టెక్నాలజీ నిధి అని పేరు పెట్టి మనుషులకు ఇంత ఇవ్వడం ఏమిటని అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

పిల్లలకు కావలసిన సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు ఉచితంగానే దొరుకుతోంది. మైక్రోసాఫ్ట్ ఇమ్మర్సివ్ రీడర్ పేజీని చదివి వినిపిస్తుంది, మాటల్ని అక్షరభాగాలుగా విడగొడుతుంది, కొన్ని మాటలకు బొమ్మ చూపిస్తుంది, తెలుగులోకి మారుస్తుంది. ఆన్‌లైన్ పాఠాల సైటు ఖాన్ అకాడమీకి పైసా కట్టక్కర్లేదు. ఇబ్బంది వాడకంలో ఉంది. హోంవర్క్ పేజీ మొత్తం తెలుగులోకి మార్చుకుని, జవాబు తెలుగులో రాసి, దాన్ని మళ్లీ యంత్రంతో ఇంగ్లిష్ చేయించి సబ్మిట్ నొక్కితే ఆ రోజు పని అయిపోతుంది. టీచరుకు తప్పుల్లేని పేరా అందుతుంది. పిల్లాడికి మాత్రం ఒక్క వాక్యం కూడా రాదు. అందుకే మా ట్యూటర్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ముందు ఇంగ్లిష్‌లోనే వినాలి. అర్థంకాని వాక్యం దగ్గర ఆగి దాన్ని మాత్రమే అనువదించుకోవాలి. జవాబు మొదట నోటితో చెప్పాలి, తర్వాతే రాయాలి.

అందరికీ ఒకటే మందు పనిచేయదు. తెలుగు మీడియంలో ఏడో తరగతి దాకా చదివి వచ్చిన అమ్మాయికి కిరణజన్య సంయోగక్రియ తెలుసు, భిన్నాలు తెలుసు. ఇంగ్లిష్ పేర్లే కొత్త. ఆమెకు అనువాదం నిజంగా ఆసరా. ఇక్కడే పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ కిండర్‌గార్టెన్‌లో చేరిన పిల్లాడికి తెలుగు చదవడమే రాదు. తెరమీద తెలుగు అక్షరాలు చూపిస్తే వాడికి ఏం ఒరుగుతుంది? వాడికి బొమ్మ కావాలి, గొంతు కావాలి, పక్కన ఒక మనిషి కావాలి. ఎవరికి ఏ బటన్ పనికొస్తుందో చూసి చెప్పే మనిషికే ఆ 18 డాలర్లు.

‘మా అబ్బాయి గడగడా మాట్లాడుతున్నాడుగా, ఇంకా ఈఎస్ఎల్ ఎందుకు?’ అని బాధపడే తల్లిదండ్రులకూ ఒక మాట. ఆటస్థలంలో మాట్లాడే ఇంగ్లిష్ ఒకటి, సైన్స్ పుస్తకంలోని ఇంగ్లిష్ ఇంకొకటి అని జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు 1979లోనే వేరుచేసి చూపించారు. మొదటిది రెండేళ్లలో వచ్చేస్తుంది. రెండోదానికి ఐదు నుంచి ఏడేళ్లు పట్టొచ్చు. కాబట్టి టెన్షన్ పడకండి. పిల్లల్ని ట్యూటరింగ్ మానిపించకండి కూడా.

ఇంట్లో నెట్ అందించే చిన్న పరికరాలు, అంటే హాట్‌స్పాట్‌లకు 2,750 అయింది: 11 కుటుంబాలు, నెలకు 25 డాలర్లు, స్కూలు నడిచే 10 నెలలు. నెలకు 30 డాలర్ల వరకు ఇంటర్నెట్ రాయితీ ఇచ్చిన ఫెడరల్ పథకం (ఏసీపీ) నిధులు లేక 2024 జూన్ 1తో ఆగిపోయింది. స్కూలు ఇచ్చిన క్రోమ్‌బుక్ (చిన్న ల్యాప్‌టాప్) ఇంట్లో ఉంది, దానికి నెట్ లేదు. ఆ 11 ఇళ్లలో తెలుగువాళ్లవి మూడే. ‘మనవాళ్ల డబ్బు మనవాళ్లకే’ అనే మాట సభలోనూ వినిపించింది, బయటా వినిపించింది. విరాళాలు అడిగినప్పుడు ఈఎస్ఎల్ పిల్లల కోసం అనే అడిగాం. ఈ దేశంలో ఆ పిల్లల్లో ఎక్కువమంది స్పానిష్ మాట్లాడే ఇళ్లవాళ్లే. ఈ విషయంలో కమిటీ మాట మార్చదు.

మైకు ఉన్న హెడ్‌సెట్లు 60, ఒక్కోటి 22 డాలర్లు, మొత్తం 1,320. ఈఎస్ఎల్ పిల్లలకు ఇంగ్లిష్ ఎంత వచ్చిందో చూసేందుకు ఇక్కడి మన రాష్ట్రం పెట్టే వీడా యాక్సెస్ పరీక్షలో వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అని నాలుగు భాగాలుంటాయి. కంప్యూటర్ మీద మాట్లాడే భాగంలో పిల్లలు మైకులో జవాబు రికార్డు చేయాలి. తెరతో మాట్లాడటం అలవాటు లేని పిల్లలు జవాబు తెలిసినా నోరు మెదపరు. ఈ హెడ్‌సెట్లు సాధన కోసం. పరీక్ష రోజు కావలసినవి స్కూలే ఇస్తుంది.

ఉచితంగా వచ్చిన 19 ల్యాప్‌టాప్‌లకు బ్యాటరీలు, ఛార్జర్లు, కొత్త డిస్కులు వేయించడానికి 1,015. స్కూలు క్రోమ్‌బుక్‌లు ఇస్తుండగా ఇవెందుకంటే, అవి వేసవిలో తిరిగి ఇచ్చేయాలి. పైగా స్కూలు పోర్టల్ (తల్లిదండ్రుల కోసం స్కూలు పెట్టే వెబ్‌సైటు) చూడాల్సింది అమ్మానాన్నలు. ఫోన్లో ఆ పోర్టల్‌తో కుస్తీ పట్టినవారికి ఈ పద్దు గురించి వేరే చెప్పక్కర్లేదు.

తల్లిదండ్రుల కోసం పోర్టల్ గైడు తెలుగు, స్పానిష్, అరబిక్ భాషల్లో తెచ్చాం. ముద్రణ 640, అనువాదం సరిచూసినవారికి 1,450. మొదటి ముసాయిదా యంత్రమే చేసింది, ప్రతి పేజీ మనిషి దిద్దాడు. ఇవి కాక ట్యూటర్ల బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లకు 385, ఆన్‌లైన్ చెల్లింపుల కమిషన్ 271, సంక్రాంతి కార్యక్రమానికి హాలు, మైకు 1,180. మొత్తం ఖర్చు 13,331 డాలర్లు.

ఇక పెట్టని ఖర్చులు. పేరెంట్ టీచర్ మీటింగులకు తెలుగు దుభాషిని పెట్టమని కొన్ని కుటుంబాలు అడిగాయి. కాదన్నాం. అది స్కూల్ డిస్ట్రిక్ట్ (ఊళ్లోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ) బాధ్యత. 1964 పౌరహక్కుల చట్టం, లావ్ వర్సెస్ నికోల్స్ కేసులో 1974 సుప్రీంకోర్టు తీర్పు, అదే ఏడాది వచ్చిన సమాన విద్యావకాశాల చట్టం, ఇవన్నీ భాష రాని పిల్లలకు దారి చూపే బాధ్యతను స్కూళ్ల మీదే పెట్టాయి. మనం చందాలు వేసి ఆ బరువు మోస్తే వచ్చే ఏడాది బడ్జెట్లో డిస్ట్రిక్ట్ ఆ పద్దు తీసేస్తుంది. కావలసింది దుభాషిని అడుగుతూ ఒక ఈమెయిల్. దాని నమూనా గైడులో ఉంది. ముఖ్యంగా ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు ప్రణాళిక) మీటింగులో పిల్లాడితోనే అనువాదం చేయించుకోవద్దు, ఫోన్ యాప్‌ను నమ్ముకోవద్దు.

ఉచ్చారణ నేర్పే ఒక యాప్ కూడా కొనలేదు. పిల్లల గొంతు రికార్డులు ఎక్కడ దాస్తారు, ఎన్నాళ్లకు చెరిపేస్తారు అని అడిగితే ఆ కంపెనీ సూటిగా చెప్పలేదు. 13 ఏళ్లలోపు పిల్లల గొంతు రికార్డు కూడా ఆన్‌లైన్‌లో పిల్లల సమాచారాన్ని కాపాడే కోపా చట్టం కింద వ్యక్తిగత సమాచారమే. డెమో బాగుంది, పిల్లలకూ నచ్చింది. అయినా జవాబు రానిచోట డబ్బు కట్టం.

జూన్ 30 నాటికి బ్యాంకులో నిల్వ 3,181 డాలర్లు. ఇందులో ట్యూటర్లకు ఆఖరి విడత 480 ఇవ్వాలి, అది పోగా 2,701. హాట్‌స్పాట్‌లు ఇదే లెక్కన కొనసాగితే ఆ డబ్బు వాటికే చాలదు, ట్యూటర్లకు మొదటి నుంచి పోగుచేయాలి. సెప్టెంబరులోపు మ్యాచింగ్ ఫారాలు పెట్టగలిగినవారు పెట్టండి.

కమిటీలో లేని ఇద్దరు సభ్యులు బిల్లులన్నీ బ్యాంకు స్టేట్‌మెంటుతో పోల్చి సంతకాలు చేశారు. మన రాబడి 50,000 డాలర్లలోపే కాబట్టి పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కు 990-ఎన్ అనే చిన్న ఫారం చాలు, గడువు నవంబరు 15. బిల్లులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, విరాళం ఇచ్చినా ఇవ్వకపోయినా ఎవరైనా వచ్చి చూడొచ్చు. హాట్‌స్పాట్ తీసుకున్న కుటుంబాల పేర్లు మాత్రం అడగవద్దు, ఆ బిల్లుల మీద పేర్లు కొట్టేసి ఉంచాం.