నవ్వించిన మనిషిపై తెగని తగవు

సంపాదకులకు నమస్కారం.

అమెరికన్ హాస్యనటుడు జెర్రీ లూయిస్ శతజయంతి సందర్భంగా మీరు ప్రచురించిన వ్యాసాన్నీ, దానిపై మరుసటి వారం వచ్చిన రెండు ఉత్తరాలనూ చదివాను. వ్యాసం ఆయనను ఆకాశానికెత్తింది. మొదటి ఉత్తరం రాసినవారు ఆయన నోటి దురుసునూ, ఆడవాళ్లంటే ఆయనకున్న చులకననూ ఎత్తిచూపి, అలాంటి మనిషికి అరపేజీ కేటాయించడమే దండగన్నారు. రెండోవారు, తిరిగి సమాధానం చెప్పుకోలేని వ్యక్తిని పోయాక పనిగట్టుకుని తూలనాడటం సంస్కారం కాదని మందలించారు. ఈ ముగ్గురిలో ఎవరితోనూ నేను పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. అందుకు కారణం మా తమ్ముడు. అతనికి పన్నెండో ఏట నుంచి కండరాలు క్రమంగా క్షీణించే జబ్బు ఉంది. జెర్రీ లూయిస్ 45 ఏళ్ల పాటు టీవీ తెర మీద నిలబడి విరాళాలు పోగుచేసింది ఆ జాతి జబ్బుల పేరు మీదే.

ముందుగా నవ్వు సంగతి చెప్పాలి, ఎందుకంటే మొదటి ఉత్తరంలో దానికి చోటు దక్కలేదు. 1963లో వచ్చిన ఒక చిత్రంలో ఆయన ఒక బల్ల ముందు కూర్చుని, అక్కడ లేని టైపురైటర్ మీద టైపు కొడతారు. లెరాయ్ ఆండర్సన్ కూర్చిన వాద్య సంగీతం వెనుక పరుగెడుతూ ఉంటుంది. అందులో టైపు మీటల చప్పుడే ఒక వాద్యం. గాలిలో వేళ్లు ఆడుతుంటాయి, లైను చివర గంట మోగుతుంది, ఆయన కంటికి కనిపించని క్యారేజీని ఒక్క విసురుతో మొదటికి నెడతారు. మా తమ్ముడు కాళ్లలో కాస్త సత్తువ ఉన్న రోజుల్లోనే టైపు నేర్చుకుని హయ్యర్ పాసయ్యాడు. తర్వాత్తర్వాత భుజాలు బలహీనపడ్డాయి. వేళ్లు చక్కగా ఆడేవి, కానీ లైను పూర్తయ్యాక లీవరు పట్టుకుని క్యారేజీని నెట్టే శక్తి ఉండేది కాదు. నేను పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, గంట మోగినప్పుడల్లా నెట్టేదాన్ని. ఆ సినిమా దృశ్యాన్ని మేమిద్దరం కలిసి చూసిన రోజున అతను కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వి, "చూడక్కా, ఆయన మిషనుకు బరువే లేదు" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు, ఏడుపు లేదు. అంత పొందికగా, తాళం తప్పకుండా లేని వస్తువును కళ్లముందు నిలబెట్టిన పనితనానికి ఒక టైపిస్టు ఇచ్చిన మెప్పు అది.

ఆ పనితనం గురించి మీ వ్యాసంలో ఉన్నది తక్కువే. గాయకుడు, నటుడు డీన్ మార్టిన్‌తో 1946లో అట్లాంటిక్ సిటీలో జట్టుకట్టి, సరిగ్గా పదేళ్ల తర్వాత విడిపోయేలోగా ఇద్దరూ కలిసి 16 చిత్రాల్లో నటించారు. తర్వాత ఆయన సొంతంగా దర్శకత్వం చేపట్టి, నటిస్తున్నప్పుడు తనను తాను చూసుకోవడానికి ఫిల్మ్ కెమెరాకు తోడుగా వీడియో కెమెరా, మానిటర్ పెట్టించారు. ఇవాళ ప్రతి షూటింగులోనూ దర్శకుడి ముందుండే మానిటర్ పద్ధతిని వాడుకలోకి తెచ్చిన తొలివారిలో ఆయన ఒకరు. కాబట్టి ఆయనకు అరపేజీ దండగన్న మాట నేను ఒప్పుకోను.

ఇక టెలిథాన్. 1966 నుంచి 2010 వరకు, ఏటా సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే కార్మిక దినోత్సవం సెలవుల్లో, కండర క్షీణత రోగుల కోసం పనిచేసే మస్క్యులర్ డిస్ట్రోఫీ అసోసియేషన్ అనే సంస్థకు విరాళాల కోసం ఆయన ఇరవై గంటలకు పైగా సాగే ప్రత్యక్ష ప్రసారం నడిపేవారు. పాటలు, హాస్యం, కన్నీళ్లు, ప్రాధేయపడటం, అప్పుడప్పుడు ప్రేక్షకులను గదమాయించడం, వీటన్నిటి నడుమ చక్రాల కుర్చీల్లో పిల్లలు వేదిక మీదికి వచ్చేవారు, వాద్యాల హోరులో పెద్ద బోర్డు మీద విరాళాల అంకె పైకెక్కేది. ఆ పిల్లలకు 'జెర్రీస్ కిడ్స్' అని పేరు. ముగింపులో ఆయన పాడే పాట 'నువ్వెన్నడూ ఒంటరిగా నడవవు' అనే అర్థం వచ్చేది. నడవలేని పిల్లల ముందు ఆ పాట ఎలా వినిపించి ఉంటుందోనని నాకెప్పుడూ అనిపిస్తుంది.

మొత్తం మీద వసూలైంది 200 కోట్ల డాలర్లకు పైమాటే. ఆ డబ్బు ఊరికే పోలేదు. క్లినిక్కులకు, చక్రాల కుర్చీలకు, పిల్లల వేసవి శిబిరాలకు, పరిశోధనకు ఖర్చయింది. 1986లో లూయీ కుంకెల్ బృందం డుషేన్ రకం కండర క్షీణతకు మూలమైన జన్యువును గుర్తించింది. ఆ జన్యువు వల్ల తయారయ్యే ప్రోటీన్‌కు మరుసటి ఏడాది డిస్ట్రోఫిన్ అని పేరు పెట్టారు. ఆ పరిశోధనకు అందిన నిధుల్లో ఈ సంస్థ ఇచ్చినవీ ఉన్నాయి. అదే జన్యువులో లోపం వల్ల కాస్త నెమ్మదిగా ముదిరే బెకర్ రకం జబ్బు కూడా వస్తుంది. మా తమ్ముడిది ఆ రకమేనని జన్యు పరీక్షతోనే తేలింది. అప్పటిదాకా ఒక్కో వైద్యుడు ఒక్కో పేరు చెప్పేవారు, ఒక్కో మందు రాసేవారు. ఏ జబ్బో కచ్చితంగా తెలియడం ఎంత ఊరటో, ఏళ్ల తరబడి తెలియక తిరిగినవారికే అర్థమవుతుంది. ఆ మేరకు మా ఇంటికి కూడా జెర్రీ లూయిస్ ఋణం ఉందని నేను రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నాను.

అయినా ఆయనను వ్యతిరేకించినవారు కృతఘ్నులు కారు. మీ వ్యాసకర్త వారిని 'కొందరు గిట్టనివారు' అని ఒక్క మాటలో తేల్చేశారు. వారెవరో చూడండి. 1981లో టెలిథాన్‌ను తప్పుపడుతూ న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసిన ఎవన్ కెంప్‌కు స్వయంగా నాడీ కండరాల జబ్బు ఉంది. ఆయన తర్వాతి కాలంలో ఉద్యోగాల్లో వివక్షను విచారించే ప్రభుత్వ సంఘానికి అధ్యక్షుడయ్యారు. 1991లో 'జెర్రీస్ ఆర్ఫన్స్', అంటే జెర్రీ అనాథలు, అని ఎకసెక్కంగా పేరు పెట్టుకుని షికాగోలో నిరసనకు దిగిన మైక్ ఎర్విన్, ఆయన సోదరి క్రిస్ మాథ్యూస్ చిన్నప్పుడు అదే సంస్థ ప్రచారానికి ఫొటోలు దిగిన పిల్లలు. వారు అడిగింది విరాళాలు ఆపమని కాదు. తమను జాలి పుట్టించే బొమ్మలుగా చూపవద్దని, ఆ జబ్బుతోనే పెరిగి పెద్దవారై ఉద్యోగాలు చేసుకుంటూ, పన్నులు కడుతూ, పెళ్లిళ్లు చేసుకుంటున్న మనుషులను ఎప్పటికీ 'పిల్లలు' అనవద్దని.

జెర్రీ లూయిస్ వినిపించుకోలేదు సరికదా, 1990లో ఒక ఆదివారం అనుబంధంలో, తానే చక్రాల కుర్చీలో ఉన్నట్టు ఊహించుకుని, తనది సగం జీవితమేనని, సగం మనిషిగా బతకడం నేర్చుకోవాలని రాశారు. వికలాంగులకు ఉద్యోగాల్లోనూ బహిరంగ స్థలాల్లోనూ సమాన హక్కులిచ్చే చట్టంపై అమెరికా అధ్యక్షుడు సంతకం చేసిన ఏడాది కూడా అదే. ఒకవైపు చట్టం పూర్తి మనుషులంటుంటే, లక్షల మంది ప్రేమించే వ్యక్తి సగం మనుషులన్నారు. ఏ యజమాని మనసులో ఏ మాట నిలుస్తుంది? 2001లో ఒక టీవీ ఇంటర్వ్యూలో ఆయన మరో అడుగు ముందుకు వేసి, జాలి వద్దనుకునేవారు ఇంట్లోనే కూర్చోవచ్చన్నారు. ఆ సందర్భంలో ఆయన వాడిన మాట మన భాషలో 'కుంటివాడు' అన్నంత మొరటుగా ఉంది.

జాలి వల్ల నష్టమేమిటని అడిగేవారు ఉంటారు. ఒకసారి నేను ఒక కార్యాలయంలో కాగితాల పనిమీద లోపలికి వెళ్లి, తమ్ముడిని గుమ్మం పక్కన నీడలో ఉంచాను, మెట్లు ఉండటం వల్ల కుర్చీ లోపలికి రాలేదు. అప్పటికి అతను ఉద్యోగంలో చేరి చాలా ఏళ్లయింది. తిరిగి వచ్చేసరికి అతని ఒళ్లో ఒక నాణెం ఉంది. ఎవరో పెద్దావిడ "అయ్యో నాయనా" అని తల నిమిరి, అక్కడ పెట్టి వెళ్లిందట. చెయ్యి అంతదూరం లేవదు గనుక దాన్ని తీసి పారేయనూ లేడు, జేబులో వేసుకోనూ లేడు. నేను వచ్చేదాకా, ఇరవై నిమిషాల పాటు, దారిన పోయేవారందరూ ఆ నాణేన్నీ అతన్నీ చూస్తూ పోయారు. ఆ పెద్దావిడ మంచి మనిషే, సందేహం లేదు. కానీ ఆ రోజు మాకు కావలసింది మెట్ల పక్కన ఒక ర్యాంపు. ఈ సంగతి రాయడానికి తమ్ముడి అనుమతి తీసుకున్నాను.

రెండో ఉత్తరం రాసినవారికి నా జవాబు ఇందులోనే ఉంది. పోయాక నిందించడం సంస్కారం కాదంటున్నారు. కానీ ఈ వాదన పోయాక మొదలైంది కాదు. ఆయన పోయింది 2017 ఆగస్టు 20న, లాస్ వెగాస్‌లో, 91 ఏళ్ల వయసులో. అప్పటికి 36 ఏళ్లుగా ఈ మాట ఆయన బతికుండగానే, ఆయనకు వినపడేలా అంటూ వచ్చారు. ఆయన సమాధానం కూడా చెప్పారు, ఆ సమాధానం ఎలాంటిదో పైన రాశాను. 2009లో ఆస్కార్ వేదికపై ఆయనకు మానవతా పురస్కారం ఇచ్చినప్పుడు కూడా వికలాంగుల సంఘాలు బహిరంగంగా నిరసన తెలిపాయి. మనిషి పోగానే ఇదంతా చెప్పకూడని మాటగా మారిపోవాలంటే, ఆయన అభిమానులు మాత్రం మాట్లాడుతూనే ఉండవచ్చు, నొచ్చుకున్నవారు నోరు మూసుకోవాలన్నట్టు అవుతుంది. పది రోజుల మైల పాటించడం అయినవాళ్ల దుఃఖానికి ఇచ్చే గౌరవం. తొమ్మిదేళ్ల తర్వాత పత్రికలో వచ్చే జీవిత చరిత్రకు ఆ నియమం వర్తించదు.

పోయాక మాత్రమే వెలుగులోకి వచ్చిన సంగతి ఒకటుంది, దాన్ని వేరుగా చూడాలి. 1960ల నాటి ఆయన చిత్రాల్లో నటించిన మహిళలు, సెట్స్‌లో ఆయన తమతో అనుచితంగా ప్రవర్తించారని 2022లో ఒక అమెరికన్ పత్రికకు చెప్పారు. ఆయన వైపు మాట వినే వీలు ఇక లేదు. కాబట్టి దాన్ని రుజువైన నేరంగా నేను రాయను. అయితే ఇన్నేళ్లు ఎందుకు ఊరుకున్నారని వారిని నిలదీయడం కూడా తగదు. చాలా చిత్రాలకు దర్శకుడు, నిర్మాత, కథానాయకుడు ఆయనే అయినప్పుడు ఆనాడు ఎవరికి ఫిర్యాదు చేస్తారు? ఆడవాళ్లు హాస్యం చేస్తుంటే తనకు నచ్చదని, వారిని పిల్లలను కనే యంత్రాలుగానే చూస్తానని ఆయన ఒక హాస్యోత్సవ వేదిక మీద అన్న మాట మాత్రం ఎవరూ పుట్టించింది కాదు, నిండు సభలో అన్నదే.

వీలునామాలో మొదటి భార్య కొడుకులు ఆరుగురినీ పక్కన పెట్టిన విషయాన్ని మీ వ్యాసం ఒక పేరా పొడవునా చెప్పింది. అది ఆ ఇంటి గొడవ. ఆ పేరా జాగాలో మైక్ ఎర్విన్ గురించి నాలుగు వాక్యాలు వేసి ఉంటే బాగుండేది.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, పొగిడేవారూ తెగిడేవారూ ఆయన జీవితానికి జమాఖర్చు రాయబోతున్నారు. ఇటు 200 కోట్ల డాలర్లు, అటు నాలుగు నోటి దురుసు మాటలు, తేడా తీస్తే మంచివాడే అని ఒకరు. కాదు, చెడ్డవాడే అని ఇంకొకరు. నాకు ఈ లెక్క కుదరడం లేదు. జమ అయినది ఒకరి ఖాతాలో, ఖర్చు పడినది మరొకరి ఖాతాలో. జన్యు పరీక్షతో ఊరట పొందిన ఇల్లు, సగం మనిషి అనిపించుకున్న ఉద్యోగార్థిని తరఫున క్షమించలేదు. అవమానపడిన నటి, టైపు దృశ్యం చూసి నవ్విన ప్రేక్షకుడి నవ్వును వెనక్కి తీసుకోలేదు. మా ఇంట్లోనైతే రెండు ఖాతాలూ ఒకే మనిషివి, అయినా తేడా తేలలేదు. జెర్రీ లూయిస్ మంచివాడా చెడ్డవాడా అని ఈ ఉత్తరం రాసే ముందు తమ్ముడిని సూటిగా అడిగాను. "టైపు సీను ఇంకోసారి పెట్టు, ఆ తర్వాత మాట్లాడదాం" అన్నాడు. పెట్టాను. మళ్లీ నవ్వాడు. తర్వాత కూడా మాట్లాడలేదు.

చివరిగా రెండు సవరణలు కోరుతున్నాను. వ్యాసంతో పాటు వేసిన ఫొటో కింద 'చక్రాల కుర్చీకి బందీలైన చిన్నారులతో జెర్రీ లూయిస్' అని ఉంది. కుర్చీ వారిని బంధించదు, గడప దాటిస్తుంది. 'చక్రాల కుర్చీ వాడుతున్న' అంటే సరిపోతుంది. అలాగే ఆ ఫొటోలో కుడివైపు చివర ఉన్న వ్యక్తికి గడ్డం, మీసం స్పష్టంగా కనిపిస్తున్నాయి. అతన్ని చిన్నారి అనకండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు