కాఫీ మరక రాసిపెట్టినవాడికి

గత వారం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా ఇంటి తాళాలు చేతికొచ్చాయి. ఆ తాళాల వెనక ముగ్గురున్నారు. పేర్లు పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టడం లేదు. చదివితే వాళ్లకే తెలుస్తుంది.

మార్చిలో లోన్ ఆఫీసరు ఫోన్ చేసి "మీ మీద ఒక కలెక్షన్ ఉంది, తెలుసా?" అన్నారు. అంటే కట్టలేదంటూ వసూలు ఏజెన్సీకి అప్పగించిన బాకీ. నాకు తెలియదు. మన అప్పుల చరిత్ర రాసిపెట్టే క్రెడిట్ బ్యూరోలు మూడు. ఎక్స్‌పీరియన్‌లో 762 ఉన్న క్రెడిట్ స్కోరు ఈక్విఫాక్స్‌లో 668, ట్రాన్స్‌యూనియన్‌లో 655. ఇంటి లోనుకి మూడింట్లో మధ్యది చూస్తారు, అంటే నాది 668. ఆరా తీస్తే, 2022 జూలైలో మేం ఖాళీ చేసిన ఇర్వింగ్ అపార్ట్‌మెంటు వాళ్లు హాల్లో కార్పెట్ మార్చిన ఖర్చంటూ 1,184 డాలర్లు నా పేరిట రాసి కలెక్షన్ ఏజెన్సీకి అప్పగించారట. నాకు ఉత్తరం కూడా వేశారట, ఆ ఖాళీ చేసిన ఇంటికే!

నాన్నతో చెబితే "అప్పుంటే కట్టేసెయ్యరా, ఎవరిచేతో మాట పడటం దేనికి" అన్నారు. నేనూ కార్డు తీసి ఏజెన్సీ నంబరు నొక్కబోతున్నాను. ఆఫీసులో పక్క సీటు అక్క చూసింది.

"ఆగు. కట్టావంటే అది నీ అప్పేనని ఒప్పుకున్నట్టు. పైగా ఆ లైను పోదు, 'పెయిడ్ కలెక్షన్' అని మారి ఊరుకుంటుంది. అసలు బాకీ పడిన రోజు నుంచి 7 ఏళ్లు అక్కడే ఉంటుంది. ఇంటి లోనుకి వాడే పాత స్కోరింగ్ లెక్కల్లో కట్టేసిన కలెక్షన్ కూడా దెబ్బే." ఇదంతా ఆవిడకెలా తెలుసంటే, ఎప్పుడో ఒక అంబులెన్సు బిల్లు ఇలాగే భయపడి కట్టి, తర్వాత ఏళ్ల తరబడి తలపట్టుకుందట.

ఫోన్లో ఏదీ ఒప్పుకోవద్దు, అన్నీ కాగితం మీదే అంది. ఆన్యువల్‌క్రెడిట్‌రిపోర్ట్ సైటులో మూడు రిపోర్టులూ ఉచితంగా దింపించింది. లంచ్ టైములో పక్కన కూర్చుని మూడు ఉత్తరాలు రాయించింది. రెండు బ్యూరోలకి, ఇది నాది కాదు, విచారించండని. ఒకటి ఏజెన్సీకి, ఈ బాకీ దేనికో, ఎంతెంతో లెక్క చూపించండని. మూడూ సర్టిఫైడ్ మెయిల్లో, రిటర్న్ రసీదుతో పంపాను. అవతలివాళ్లు సంతకం పెట్టాక ఆ రసీదు మనకి తిరిగొస్తుంది. పచ్చటి అట్ట ముక్క, పోస్టాఫీసులో దాన్ని గ్రీన్ కార్డనే అంటారు. అమెరికా వచ్చి తొమ్మిదేళ్లయింది, నా పేరున వచ్చిన మొదటి గ్రీన్ కార్డులు ఇవే. ఒకేసారి మూడు!

చట్టం ప్రకారం బ్యూరోలు మామూలుగా 30 రోజుల్లో విచారించాలి. విచారించారు. "వెరిఫైడ్" అని రెండూ తిప్పికొట్టాయి. ఆ విచారణ అంటే చాలావరకు ఏజెన్సీకి ఒక కోడ్ పంపి, మీ లెక్క సరిగ్గానే ఉందా అని అడగడం. పేకాటలో గెలిచినవాణ్ణే ముక్కలు సరిగ్గా పంచావా అని అడిగినట్టు.

ఈలోగా ఏజెన్సీ లెక్క పంపింది. హాలు కార్పెట్, మరకలు. అది చూడగానే నా పాత రూమ్మేట్ గుర్తొచ్చాడు. మూడోసారీ హెచ్‌-1బీ లాటరీ తగలక 2022లో గుంటూరు వెళ్లిపోయాడు. వాడు వెళ్లడం వల్లే ఆ ఇల్లు ఖాళీ చేశాం. మేం దిగిన రోజు రాత్రి వాడు టార్చి పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ మూవ్-ఇన్ ఫారం, అంటే దిగేటప్పుడు ఇల్లెలా ఉందో రాసిచ్చే కాగితం, నింపాడు. "సోఫా పెట్టే గోడ దగ్గర కాఫీ మరక, అరచేయంత." సబ్బు పెట్టె మీద బీటతో సహా రాశాడు. "ఏంట్రా, పంచనామా రాస్తున్నావా?" అని వెక్కిరించాను. మర్నాడు ఆఫీసులో సంతకం పెట్టించి స్కాన్ కూడా చేసుకున్నాడు.

ఫోన్ చేసేసరికి అక్కడ అర్ధరాత్రి దాటింది. విసుక్కోలేదు. ఇరవై నిమిషాల్లో ఆ ఫారం, ఖాళీ చేసిన రోజు తీసిన వీడియో, మా కొత్త అడ్రసులు అపార్ట్‌మెంటుకి ఇచ్చిన మెయిలు, మూడూ పంపాడు. టెక్సస్‌లో అద్దెదారు కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇస్తే, ఖాళీ చేసిన 30 రోజుల్లోపు డిపాజిట్ తిరిగివ్వాలి, లేదా ఎంత దేనికి కోశారో రాసి పంపాలి. మాకు రెండూ రాలేదు. మేమూ అడగలేదు, అది మా తప్పే.

అవన్నీ జతచేసి అక్క సలహాతో సీఎఫ్‌పీబీలో, అంటే ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే ఫెడరల్ సంస్థలో, ఫిర్యాదు పెట్టాను. పన్నెండో రోజున ఏజెన్సీ నుంచి రెండు వాక్యాలు: ఖాతా మూసేశాం, రిపోర్టుల్లోంచి తీసేయమని చెప్పాం. సారీ లేదు, కారణమూ లేదు.

మూడో మనిషి లోన్ ఆఫీసరు. రిపోర్టులో ఎక్కడైనా "డిస్ప్యూట్‌లో ఉంది" అన్న మాట మిగిలితే లోను ముందుకు కదలదని హెచ్చరించి, అదీ తీయించారు. తర్వాత ఏజెన్సీ పంపిన ఆ ఉత్తరం పెట్టి రాపిడ్ రీస్కోర్, అంటే స్కోరు త్వరగా మళ్లీ లెక్కగట్టడం, చేయించారు. అది మనంతట మనం చేయించుకోలేం, లెండరే అడగాలి. ఐదు రోజుల్లో మధ్య స్కోరు 757 అయింది. ఇంకోచోటికి వెళ్లండని మొదట్లోనే అనేసుంటే నేనేమీ అనుకునేవాణ్ణి కాదు. అనలేదు, థాంక్స్ అండీ.

అక్కా, ఆ లంచ్ బ్రేకులన్నీ నీకు బాకీ. ఈ బాకీ మాత్రం ఒప్పుకుంటున్నాను.

ఇక వీడు. గృహప్రవేశం రోజు వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి ఇల్లంతా తిప్పి చూపించాను. వంటగది బాగుందన్నాడు, పెరడు పెద్దదే అన్నాడు. తర్వాత "ఒరే ఆగు, బెడ్‌రూమ్ తలుపు వెనక గీత పడింది చూడు, ఫోటో తీసి బిల్డరుకి పంపు" అన్నాడు.

పంపాను. ఈసారి వెక్కిరించలేదు.