వంకాయ మూసలో జింకు

ఒరేయ్ రమణా,

నువ్వు రెండుసార్లు ఫోన్ చేసినప్పుడు ఉదయపూర్ నుంచి తిరుగు ప్రయాణంలో రైల్లో ఉన్నాను. సిగ్నల్ అందలేదు. అయినా ఇది ఫోన్లో తెమిలే సంగతి కాదు. రాస్తేనే నాకు తృప్తి.

పెళ్ళికని వెళ్ళామా, మర్నాడు అందరూ సరస్సు చూడ్డానికి బయల్దేరితే నేను కారు మాట్లాడుకుని జావర్ వెళ్ళాను. ఉదయపూర్‌కి దక్షిణాన, కొండల మధ్య ఊరు. ఇప్పటికీ అక్కడ జింకు గనులున్నాయి. నేను వెళ్ళింది వాటికోసం కాదు, పాత మూసల కోసం, అంటే ఒకప్పుడు ఖనిజం నింపి కొలిమిలో కాల్చిన మట్టి పాత్రల కోసం. పదో తరగతికి లోహసంగ్రహణం చెప్పినప్పుడల్లా వాటి గురించి చెబుతాను గానీ, ఒక్కసారీ కళ్ళతో చూసింది లేదు.

చూశానురా! దిబ్బలు దిబ్బలుగా పడున్నాయి. లక్షల టన్నుల చిట్టెం, అదే, లోహం తీశాక మిగిలే మడ్డి, పెంకులు. వాడి పారేసిన మూసల్నే ఇటుకల్లా పేర్చి గోడలు కట్టుకున్నారు. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. అచ్చం పొడుగు వంకాయ. ఒకవైపు గుండ్రంగా, రెండోవైపు తొడిమలా సన్నటి గొట్టం. పైన మట్టి వేడికి కరిగి గాజులా గట్టిపడింది, వేలితో రాస్తే నున్నగా తగిలింది. మన పాత రసశాస్త్ర గ్రంథాల్లో దీన్ని వృంతాక మూష అన్నారు. వృంతాకమంటే వంకాయే కదా.

మూసకి ఆ ఆకారం ఎందుకు కావాల్సి వచ్చిందో చెబుతా విను. చర్యాశీలత శ్రేణిని మన సారు పద్యంలా బట్టీ పట్టించారు, పొటాషియం, సోడియం, కాల్షియం అంటూ. నాకు అర్థం తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత, నేను పాఠం చెప్పడం మొదలుపెట్టాక. అది ఏ లోహం ఆక్సిజన్‌ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే వరస. అట్టడుగున ఉన్న బంగారం ఎవరి జోలికీ పోదు, ఏటి ఇసకలో లోహంగానే దొరుకుతుంది. దానికి కాస్త పైన రాగి. బొగ్గుతో కలిపి కాలిస్తే ఆక్సిజన్‌ని వదిలేస్తుంది. ఇనుము ఇంకాస్త మొండి, కానీ బొగ్గుకి అదీ లొంగుతుంది. మన నిజామాబాద్ వైపు కోనసముద్రం వాళ్ళు మూసల్లో ఉక్కు చేసి పర్షియా వర్తకులకి అమ్మారంటే ఆ బొగ్గు, ఆ మట్టి, ఆ నేర్పే.

జింకు దగ్గరికొచ్చేసరికి కథ అడ్డం తిరుగుతుంది. బొగ్గు దాని ఆక్సిజన్‌ని లాగాలంటే వేడి సుమారు వెయ్యి డిగ్రీలు ఉండాలి. కానీ జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది! అంటే లోహం పుట్టడమే ఆవిరిగా పుడుతుంది. తెరిచిన కొలిమిలో ఆ ఆవిరికి గాలి తగిలిందా, భగ్గున మండి దూదిలాంటి తెల్ల పొడిగా, మళ్ళీ ఆక్సైడ్‌గా మారిపోతుంది. అందుకే జింకుని లోహంగా కళ్ళచూడకముందే జనం ఇత్తడి చేసుకున్నారు, రాగిని జింకు ఖనిజంతో, బొగ్గుతో కలిపి కాల్చి.

జావర్ వాళ్ళు ఏం చేశారో తెలుసా? ఖనిజాన్ని వేయించి, దంచి, చిన్న ఉండలు కట్టి మూసలో నింపారు. గొట్టంలో ఒక పుల్ల గుచ్చి, మూసని తలకిందులు చేశారు. పుల్ల ఉంది కాబట్టి ఉండలు కిందికి జారవు. వేడెక్కేకొద్దీ పుల్ల కాలిపోయి ఆవిరి దిగడానికి దారి మిగులుతుంది. కొలిమికి రెండు అంతస్తులు. పై గదిలో మంట, ముప్పైయారు మూసలు ఆరేసి వరసల్లో. చిల్లుల మట్టిపలక మీంచి గొట్టాలు కింది చల్లటి గదిలోకి వేలాడతాయి. ఆవిరి పైకి కాక కిందికి దిగి, గాలి తగలకుండా చల్లబడి, కుండలో జింకు చుక్కలుగా పడుతుంది. ఆ పుల్ల సంగతి తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుందిరా. ఇదంతా ఆరేడు వందల ఏళ్ళ కిందట. ఇంగ్లండులో బ్రిస్టల్‌కి చెందిన విలియం ఛాంపియన్ ఇలా ఆవిరిని కిందికి దించే పద్ధతికే పేటెంటు తీసుకున్నది 1738లో.

జింకుని దాటి పైకెళితే బొగ్గు పని అయిపోయినట్టే. అల్యూమినియం నుంచి ఆక్సిజన్‌ని బొగ్గుతో విడదీయాలంటే రెండువేల డిగ్రీలు దాటాలి, అదీ సరిగా కుదరదు. కరెంటు రావాల్సిందే. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో ఎరూ ఒకరికొకరు తెలియకుండా ఒకే దారి పట్టుకున్నారు. అల్యూమినాని, అంటే అల్యూమినియం ఆక్సైడ్‌ని, కరిగిన క్రయోలైట్ అనే ఖనిజంలో కలిపి కరెంటు పంపారు. ఇద్దరూ పుట్టింది 1863లో, పోయింది 1914లో! ఇవాళ్టికీ కిలో అల్యూమినియానికి పదమూడు, పధ్నాలుగు యూనిట్లు కాలుతుంది. మా వంటింట్లో గిన్నె సొట్టపడితే పారేయనివ్వను నేను. పాతది కరిగించడానికి అందులో ఇరవయ్యో వంతు కరెంటు చాలు.

సోమవారం క్లాసులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్ళలో ఇనుప మేకులు వేయించాను. అరగంటకి నీలం పలచబడింది, మేకు మీద ఎర్రటి రాగి పొర. వెనక బెంచీ పిల్లొకతి లేచి, "సార్, ఇనుము రాగిని గెంటేసింది, మరి ఇనుముని గెంటేసేది ఎవరు?" అంది. నాకు వెంటనే నువ్వు గుర్తొచ్చావు. పట్టాల మీద థర్మిట్ అతుకు వేసేటప్పుడు జరిగేది అదే కదా. అల్యూమినియం పొడి ఇనుప ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ని లాగేసుకుంటుంది, ఆ వేడికి ఇనుము నీళ్ళలా కారి పట్టాల సందులో నిండుతుంది. నువ్వు కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక రాత్రి నన్ను దూరంగా నిలబెట్టి చూపించావు. ఆ తెల్లటి వెలుగు ఇంకా కళ్ళలో ఉంది.

అందుకని ఒక పని చేసిపెట్టు. మళ్ళీ అతుకు వేసినప్పుడు, మీ పైవాళ్ళు ఒప్పుకుంటే, వీడియో తీసి పంపు. అతుకు మీద తేలి గడ్డకట్టే చిట్టెం ముక్క ఒకటి, బాగా చల్లారాక, దాచి ఉంచు. అది అల్యూమినియం ఎత్తుకెళ్ళిన ఆక్సిజన్‌తో తయారైన గడ్డ అని ఆ పిల్ల చేతిలో పెట్టాలి. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకుంటాను. వదినని అడిగానని చెప్పు.

నీ
శీను